తొమ్మిది ఫ్రేముల నలుపు

మధ్యాహ్నం మూడూ యాభైకి, ఎడిటింగ్ ల్యాబ్ పక్క గదిలో, ఆమె ట్రైలర్‌ను నాలుగోసారి ముప్ఫై ఎనిమిదో సెకను దగ్గర ఆపింది. తెర నల్లగా ఉంది. గదిలో ఆమె ఒక్కతే ఉంది. బల్ల మీద విద్యార్థిని రాసిన పదహారు పేజీల విశ్లేషణ, దాని పైన ఒక ఫారం. ‘ఈ పని విద్యార్థి స్వయంగా చేసినదే, సహాయం తీసుకుని ఉంటే ఆ వివరాలు పైన ఉన్నాయి’ అన్న వాక్యం కింద ఆమె సంతకం పెట్టాలి. ఐదింటికల్లా ఫారం ఆఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ అమ్మాయికి ఈ ఏడాది మార్కులు లేనట్టే. చెప్పని సహాయం ఉందని తేలినా సున్నానే, మళ్లీ ఏడాది చదవాలి. ఆమె పెన్ను మూత తీసి పావుగంటయింది.

నలుపు తొమ్మిది ఫ్రేములు ఉంది. లెక్కపెట్టింది. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, వాటిలో తొమ్మిది నలుపు, అంటే రెప్ప వేసి తీసినంతసేపు. ఇలాంటి భయం సినిమాల ట్రైలర్లలో నలుపు కొత్తేమీ కాదు, ప్రతి ఏడూ ముప్ఫైమంది పిల్లలు ముప్ఫై ట్రైలర్లలో వాడతారు, ఆమే నేర్పింది, ఆ జాతి సినిమాల కట్టుబాటు అని పాఠంలో రాయించింది: ధబ్ మని చప్పుడు, నలుపు, నిశ్శబ్దం, ఒక ఊపిరి, సినిమా పేరు. నలుపు పడితే చప్పుడు ఆగాలి. ఇక్కడ ఆగలేదు. మీటరు తిరిగే చప్పుడు నలుపు కింద నుంచి సాగి అవతలి షాట్‌లోకి వెళ్లింది. పైగా కోత పడింది ఎక్కడ, ఆ నటి రెప్ప దించబోయే ముందు, సరిగ్గా రెండు ఫ్రేముల ముందు. నల్లతెర అంటే చీకటి కాదక్కా, కళ్లు మూసుకోవడం, కళ్లు మూసుకున్నామని చెవులు మూసుకుంటామా అనేవాడు తమ్ముడు, ఆమె పక్క కుర్చీలో కూర్చుని, చల్లారిన టీ తాగుతూ. ఆ మాట అన్నవాడిని ఆమె ఇంకొకరిని ఎరగదు. అలా కోసేవాడిని కూడా ఎరగదు. చేతిరాత ఎలాగో కోత కూడా అలాగే, పదేళ్లు పక్కన కూర్చుని చూసిన చేతిని దాచలేరు.

ఆ అమ్మాయి తమ్ముడి చేత కోయించుకుంది. ఆ వాక్యం మనసులో పడ్డాక మిగతావన్నీ పరుగెత్తుకొచ్చి దాని పక్కన నిలబడ్డాయి. మొదటి టర్ములో ఈ పిల్ల చేసిన మూడు అభ్యాసాలు ఆమెకు గుర్తున్నాయి, ఒకదానిలో పాత్ర తలుపు తీసుకుని అదే గదిలోకి వచ్చింది. మొన్న అమ్మ ఫోన్‌లో అంది, తమ్ముడు బస్ డిపో వెనక గది తీసుకున్నాడట, ఒక్కడే వండుకుంటున్నాడట. ఈ పిల్ల హాజరు పట్టీలో చిరునామా కూడా డిపో వెనకే. మూడు విషయాలు. కాకి వాలింది, తాటిపండు రాలింది, మధ్యలో కాకి బరువెంతో ఎవరూ తూచలేదు, ఇది కూడా ఆమె పాఠమే, కథ అంటే ఒకదాని తర్వాత ఒకటి జరగడం కాదు, ఒకదానివల్ల ఒకటి జరిగిందని చూసేవాడు అనుకోవడం అని బోర్డు మీద రాసి, గీత గీసి మరీ చెప్పింది. చెప్పడం వేరు. ఇప్పుడు కాకి నిజంగానే బరువున్న కాకి.

విశ్లేషణ తెరిచింది. కథ ఇది, ఉంటే గింటే. కరెంటు మీటర్ల రీడింగులు రాసుకునే ఒకావిడ ఎనిమిది నెలలుగా తాళం వేసి ఉన్న ఇంటి ముందు ఆగుతుంది. మీటరు తిరుగుతోంది. పక్కింటి ముసలాయన ఆవిడ చేతిలో తాళంచెవి పెడతాడు. తలుపు. నలుపు. ఈ నలుపు చివరిది. తొంభై రెండు సెకన్లు, అయిపోయింది. సినిమా లేదు, సినిమా ఎవరూ తీయరు, పిల్లలు తీయాల్సింది ట్రైలర్ ఒక్కటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని స్టాఫ్ రూములో నవ్వుకుంటారు. విశ్లేషణలో పిల్ల అన్నీ వరసగా సర్దింది. సమస్థితి: వీధి, మామూలు రీడింగులు. భంగం: తిరిగే మీటరు. జంటలు: లోపల, బయట, తాళం, తాళంచెవి, లెక్కకు వచ్చేది, లెక్కకు రానిది. బాగుంది, చివరిది చాలా బాగుంది, అది కూడా ఎవరైనా చెప్పిందేనా. జానపద కథల్లో వచ్చే పాత్రల పనులు: నాయిక మీటరావిడ, పంపినవాడు సూపర్‌వైజరు, దాత ముసలాయన, ప్రతినాయకుడు తలుపు వెనక ఉన్నవాడు. ఒక్కొక్కరికి అర పేజీ. ఆ తర్వాత, ‘సహాయకుడు: ఈ కథలో లేడు.’ అంతే. పదహారు పేజీలు రాసిన చెయ్యి సహాయకుడి దగ్గరకు వచ్చేసరికి నాలుగు మాటలతో తప్పుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ముప్ఫై ఎనిమిదో సెకను గురించి ఏం రాసిందో చూసింది: ‘ఇక్కడ శైలి కట్టుబాటును ఉల్లంఘించడం జరిగింది.’ జరిగిందట. వానపడ్డట్టు, పిడుగుపడ్డట్టు. మిగతా పేజీలన్నిటిలో నేను ఇది పెట్టాను, నేను అది తీశాను అని రాసిన పిల్ల, ఇక్కడ మాత్రం ఎవరూ చేయకుండానే జరిగిపోయినట్టు రాసింది. ఫారంలో ‘సహాయం చేసినవారు’ అన్నచోట కూడా, ‘ఎవరూ లేరు’.

రెండేళ్ల కిందట ఇలాంటి ఒక కాగితం మీద ఆమె మూడు వాక్యాలు రాసింది. పరీక్షకు ముందురోజు ల్యాబ్‌లో పదకొండు సినిమాలు ఉన్న డిస్కు ఖాళీ అయిపోయింది. తమ్ముడు అప్పుడు ఈ కాలేజీలోనే ల్యాబ్ బాధ్యుడు. ప్రిన్సిపాల్ ఆమెను అడిగాడు, మీకు తెలిసింది రాసివ్వండి, బంధువని దాచొద్దు అన్నాడు. దాచకూడదనే రాసింది. రాత్రి ఏడింటికి ల్యాబ్ తాళం అతని దగ్గర ఉంది. అంతకుముందు మధ్యాహ్నం అతను ప్రిన్సిపాల్‌తో గొడవ పడ్డాడు. తెల్లారేసరికి సినిమాలు లేవు. మూడు వాక్యాలు, మూడూ నిజాలే, ఒక్క విశేషణం లేదు. తమ్ముడు ఆ కాగితం చదివి జేబులోంచి తాళంచెవి తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. ‘ఒకటే ఉంది, చూసుకో అక్కా’ అన్నాడు. తొమ్మిదో రోజున బాగుచేసేవాడు వచ్చి డిస్కు దానంతటదే చచ్చిపోయిందని కాగితం రాసిచ్చాడు. అప్పటికి తమ్ముడు రాజీనామా ఇచ్చి నాలుగు రోజులు. అమ్మ బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అంది, మూడు నిజాలు పక్కపక్కన పెట్టి ఒక అబద్ధం వండావు కదే. ఆ తర్వాత ఆమె తమ్ముడికి ఫోన్ చేయలేదు. అతనూ చేయలేదు. చేస్తే ఏమనాలో, క్షమించమనాలా, మూడు వాక్యాల్లో తప్పేదో చూపించమనాలా, చూపించలేడు, తప్పు వాక్యాల్లో లేదు, వరసలో ఉంది. సరే. అది అప్పుడు. ఒకసారి తప్పుగా పట్టుకున్నంత మాత్రాన పట్టుకున్న ప్రతిదీ తప్పవుతుందా. ఒకసారి తడిసినవాడు ఎండలోనూ గొడుగు విప్పినట్టు, ఆ ఒక్కదానికి భయపడి ఇప్పుడు కళ్లెదుట ఉన్నది వదిలేస్తుందా. కోత అతనిదే. ఆ నలుపు అతనిదే.

నాలుగూ పదికి కబురు పంపింది. నాలుగూ పదిహేనుకి ఆ అమ్మాయి వచ్చింది. క్లాసంతా ఆమెను ‘మూడుకాళ్లు’ అంటారు. కెమెరా స్టాండు భుజాన లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి అంటారో, పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం కాబట్టి అంటారో తెలియదు. ఇప్పుడూ స్టాండుతోనే వచ్చింది. గోడకు ఆనించి నిలబడింది.

“కూర్చో.”

“ఫర్లేదు మేడమ్.”

“నా మెడ పట్టేస్తుంది, కూర్చో. తలుపు వెనక ఎవరున్నారు?”

“ప్రతినాయకుడు మేడమ్.”

“అది పని. మనిషి ఎవరు?”

“మనిషిని అనుకోలేదు మేడమ్. ట్రైలరే కదా.”

“షూటింగ్‌లో ఎవరు నిలబడ్డారు?”

“మా అమ్మ. పొయ్యి మీద పాలు పెట్టొచ్చింది, మూడో టేకుకి పొంగిపోయాయి. మీ ప్రతినాయకుడి మొహం మండ అని ఇప్పటికీ తిడుతోంది.”

ఆమె నవ్వలేదు. నవ్వు వచ్చింది, ఆపుకుంది. నవ్వించేవాళ్లు దేన్నుంచో కళ్లు మళ్లిస్తారు. ముప్ఫై ఎనిమిదో సెకను చూపించి, అక్కడే ఎందుకు కోశావు అని అడిగింది.

“ఆవిడ రెప్ప వెయ్యబోతోంది మేడమ్. ఆవిడ వెయ్యకముందే మనం వేసేస్తే, చూసేవాళ్లు ఆ కళ్లు తమవే అనుకుంటారు.”

జవాబు సరైనది. ఎక్కడా తడబడలేదు. తన పని గురించి చెప్పేవాళ్లు తడబడతారు, ఏమో మేడమ్, అక్కడ బాగుందనిపించింది అంటారు, ఇరవై ఏళ్లుగా వింటోంది. అప్పజెప్పిన పాఠమే ఇంత నున్నగా వస్తుంది. ప్రాజెక్టు తెరువు అంది. అమ్మాయి తెరిచింది. ఎడిటింగ్‌లో ముడి షాట్లన్నీ డబ్బాల్లో సర్దుకుంటారు, డబ్బాలకు ఎవరి పేర్లు వాళ్లు పెట్టుకుంటారు. ఇందులో నాలుగున్నాయి. ‘ఒకటో రోజు’, ‘రెండో రోజు’, ‘చప్పుళ్లు’, ‘అటక’. ఆమె చూపు నాలుగోదాని మీద ఆగింది. పనికిరాని షాట్లు వేసుకునే డబ్బాకు పిల్లలు ‘చెత్త’ అని పెడతారు, ‘వద్దు’ అని పెడతారు, ఒకడు తన మాజీ స్నేహితురాలి పేరు పెట్టాడు. అటక అని పెట్టేవాడు ఒక్కడే. చిన్నప్పుడు విరిగిన బొమ్మను ఆమె పారేయబోతే చెయ్యి పట్టుకునేవాడు, పారెయ్యకక్కా, అటక మీద పడెయ్, ఎప్పుడైనా కాలు దొరికితే అతికిద్దాం. ఇక అడగాల్సింది లేదు. వేలిముద్ర దొరికింది.

“ఈ పేరు ఎవరు పెట్టారు?”

“ఎవరూ పెట్టలేదు మేడమ్. మూడో మెషిన్ మీద కొత్త ప్రాజెక్టు తెరిస్తే అలాగే వస్తుంది.”

“అందరికీనా?”

“మూడో మెషిన్ దొరికినవాళ్లకి. అందుకే కదా దానికోసం కొట్టుకునేది.”

ఆమె లేచి ల్యాబ్‌లోకి నడిచింది. వెనక అమ్మాయి, అమ్మాయి వెనక స్టాండు తలుపుకు తగిలిన చప్పుడు. మూడో మెషిన్ కిటికీ పక్కన ఉంది. ఈ రెండేళ్లలో ఆమె ఒకటో దాని మీద పాఠం చెప్పింది, నాలుగో దాని మీద మార్కులు వేసింది, దీని ముందు కూర్చోలేదు, కూర్చోకపోవడానికి కిటికీ ఎండ కారణమని చెప్పుకుంది. కూర్చుంది. కుర్చీ ఎత్తు ఆమెకు సరిపోలేదు. కొత్త ప్రాజెక్టు తెరిచింది. నాలుగు డబ్బాలు వచ్చాయి, నాలుగోది అటక. వాటి కింద ఒక కాగితం లాంటి ఫైలు, ‘ఎడిటింగ్ చేసేవాళ్లకి’. పదకొండు వాక్యాలున్నాయి. ఏడోది రెప్ప గురించి. ఎనిమిదోది, ‘నల్లతెర అంటే చీకటి కాదు, కళ్లు మూసుకోవడం, కళ్లు మూసుకున్నామని చెవులు మూసుకుంటామా’. అక్కా అన్న మాట ఒక్కటే లేదు. చివరి వాక్యం, సందేహం వస్తే ఫోన్ చెయ్యండి అని, ఒక నంబరు. పేరు లేదు. ఆ నంబరు ఆమె ఫోన్‌లో ఉంది. ఫైలు చివరిసారి మార్చిన తేదీ అతను తాళంచెవి బల్ల మీద పెట్టిన రోజుకు ముందురోజు. రెండు బ్యాచిలు ఈ కుర్చీలో కూర్చుని అతని దగ్గర పాఠం నేర్చుకుని వెళ్లాయి, మార్కులు ఆమె వేసింది, ఏ కోతలోనూ అతన్ని చూడలేదు, లేక చూసి తన పాఠమే అనుకుందా, అనుకునే ఉంటుంది, ఈ పిల్ల గట్టిగా చేసింది కాబట్టి కనబడింది.

అయితే పిల్ల తప్పు లేదు. ఆ మాట మనసులో అనుకుని చూసింది, నిలవలేదు. ఏడు, ఎనిమిది వాక్యాలు చదివి అలా కోసింది సరే, సహాయకుడి దగ్గర ఎందుకు తప్పుకుంది. జరిగింది అని ఎందుకు రాసింది. సగం తెగిన అనుమానం తెగనిదానికంటే చెడ్డది. గడియారం నాలుగూ ముప్ఫై రెండు.

“ఫోన్ చేశావా?”

అమ్మాయి స్టాండు వైపు చూసింది. “ఒక్కసారి మేడమ్.”

“చూపించు.”

చూపించింది. గత నెల పదిహేడు, సాయంత్రం, ఆరు నిమిషాలు. ముందుకూ వెనక్కూ జరిపి చూసింది, ఆ నంబరు ఇంకెక్కడా లేదు. తుడిచేసి ఉండొచ్చు. ఆరు నిమిషాల్లో ట్రైలర్ కోయలేరు. ఫోన్‌లో ఆరు నిమిషాలు, గదిలో ఆరు గంటలు కావచ్చు. డిపో వెనక రెండు వీధులే.

“ఏం చెప్పాడు?”

“మీటరు చప్పుడు వినిపించాను. ఇది మొదటినుంచీ ఉంది కదా, ఎక్కడా ఆపకు, నలుపులో కూడా ఆపకు, ఆపితే ఇంట్లో ఎవరూ లేరని తేలిపోతుంది అన్నారు. అంతే. తర్వాత, మీ మేడమ్ ఎవరమ్మా అని అడిగారు. చెప్పాను. లైను కట్టయిందేమో అనుకున్నాను. అప్పుడన్నారు, ఫారంలో నా పేరు రాయకమ్మా అని.”

“ఎందుకట?”

“‘ఆవిడకి నా పేరు కనబడితే నీ సినిమా కనబడదు’ అన్నారు.”

ఈ మాట అతనిదేనా. అతనిలాగే ఉంది. అతనిలా ఉండటం ఇప్పుడు సాక్ష్యం కాదు, ఆ పదకొండు వాక్యాలు చదివిన ఎవరైనా అతనిలా ఒక వాక్యం కట్టగలరు. ఈ పిల్ల కట్టగలదు, పిల్ల గట్టిది. నమ్మితే ఏమవుతుంది, నమ్మాలని ఉంది కాబట్టి నమ్మినట్టవుతుంది. నమ్మకపోతే, ఇంకో కాగితం మీద ఇంకో మూడు వాక్యాలు. పిల్ల చిరునామా డిపో వెనక. కోత అతనిది. పేరు దాచింది. మూడూ నిజాలే. ఏ వరసలో పెట్టినా సున్నా వస్తుంది. ఆమెకు ఒకటి తట్టింది, ఇంతసేపూ తట్టనిది. కథలో సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు, తలుపు వెనక మనిషిని రాసినవాళ్లే ఎరగరు. ఇక్కడ అడగొచ్చు. అప్పుడు కూడా అడగగలిగేది. తొమ్మిది రోజుల్లో ఏ రోజైనా ‘ఏరా, ఆ రాత్రి ఏం జరిగింది’ అని ఒక్క ముక్క అడగగలిగేది. అడగకుండా రాసింది.

తన ఫోన్ తీసింది. నాలుగు రింగులు అయ్యాయి.

“చెప్పక్కా.”

గొంతు మారలేదు. వెనక బస్సు ఏదో వెనక్కి వస్తున్న చప్పుడు. ఎలా ఉన్నావురా అనాలి. నోట వేరే మాట వచ్చింది. “పోయిన నెల ఒకమ్మాయి నీకు ఫోన్ చేసింది. మీటరు చప్పుడు. ఎంతసేపు మాట్లాడావు?”

“ఐదారు నిమిషాలు. మనిషిని చూడలేదు. తాళం కూడా నా దగ్గర లేదు, రాసుకో.”

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని ఆ బస్సు చప్పుడే వింది.

“అక్కా, పిల్లని ఏమనకు. పేరు రాయొద్దన్నది నేను.”

“తెలుసు. రాయిస్తున్నాను.”

“రాస్తే మార్కులు తగ్గవూ?”

“ఐదు తగ్గుతాయి. రాయకపోతే ఏడాది పోతుంది.”

“రాయించు అయితే.” మళ్లీ, “ఎలా ఉంది, ఆ నలుపు?”

“తొమ్మిది ఫ్రేములు.”

“నేనైతే పదకొండు ఉంచేవాణ్ణి. తొమ్మిదా. నయమే.” పెట్టేశాడు.

ఫోన్ ఒక నిమిషం నలభై సెకన్లు చూపించింది. నయమే అన్నాడు. తనైతే పదకొండు ఉంచేవాడట. అయితే ఆ చెయ్యి అతనిది కాదు. లేకపోతే, అతనిది కాదని అనిపించడానికే అన్నాడా. ఈ ఆలోచన కూడా వచ్చింది. రావడం ఆమె చూసింది, ఇంటికి రోజూ వచ్చే పాలమనిషిని చూసినట్టు చూసింది, తలుపు తీయలేదు. గడియారం నాలుగూ నలభై ఒకటి. పక్క గదికి తిరిగొచ్చి, ఫారం తిప్పి అమ్మాయి ముందు పెట్టింది. ‘ఎవరూ లేరు’ కొట్టేసి అసలుది రాయమంది, పక్కన పొట్టి సంతకం పెట్టమంది.

“సున్నా వేస్తారా మేడమ్?”

“ఐదింటిలోపు నీ చేత్తో దిద్దితే దిద్దుబాటే. దాచడం కాదు. రాయి.”

అమ్మాయి నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని రాసింది. పేరు నాకు తెలియదు మేడమ్, నంబరు రాయనా అంది. ఆమె పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. అమ్మాయి రాసుకుంటూ ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది, ఆమె బల్ల మీదున్న పేరు పలక వైపు చూసింది. సహాయం చేసినవారి పేరు రాయగానే ఆ కింద ఇంకో గడి నింపాలి. ‘మూల్యాంకనం చేసేవారితో వీరికి బంధుత్వం ఉందా?’ ఉంటే ఆ ఫైలు ఆమె చేతిలో ఉండదు, కథారచన చెప్పే సార్‌కి వెళుతుంది. ఆయన్ని పిల్లలు కత్తెర అంటారు, సినిమాలకంటే మార్కులు ఎక్కువ కోస్తాడని. ఈ ట్రైలర్‌కి ఆమె ఎనభై ఎనిమిది వేద్దామనుకుంది. ఎప్పుడనుకుంది, మొదటిసారి చూసినప్పుడే, అనుమానం రాకముందే. కత్తెర ఎంత వేస్తాడో తెలియదు. అమ్మాయికీ తెలుసు ఆయన సంగతి.

“లేదు అని రాసెయ్యనా మేడమ్?” అంది అమ్మాయి, మెల్లగా.

ఆమె చెయ్యి చాపింది. అమ్మాయి పెన్ను ఇచ్చింది.

నాలుగూ యాభై మూడుకి ఆఫీసు గుమస్తా ఫారం మీద ముద్ర వేశాడు. సహాయం చేసినవారు అన్నచోట ఒక పేరు ఉంది. సహాయం అన్నచోట ‘ఫోన్‌లో, ఆరు నిమిషాలు’ అని ఉంది. బంధుత్వం అన్నచోట ఆమె చేతిరాతతో ‘తమ్ముడు’ అని ఉంది. వాక్యం కింద ఆమె సంతకం ఉంది. మార్కుల గడి ఖాళీగా ఉంది.